ఎక్కడికి బాబూ ఈ పరుగు?

2023 ఆగస్టు మాసం. రాత్రి ఇంకా పూర్తిగా తొలగిపోలేదు. వాన వెలిసిన తరువాతి ఉక్క మాత్రం అప్పుడే మొదలయినది. ఉదయం నాలుగున్నర గంటలకు దక్షిణ ఢిల్లీలో యూసుఫ్ సరాయ్‌లోని మా ఇంటి మెట్లు దిగి, అరబిందో మార్గ్ మీద పరుగు ఆరంభించాను. కాళ్ళకు కొత్త బూట్లు. మణికట్టుకు దూరమూ కాలమూ లెక్కగట్టే గడియారం. పది నిమిషాలు గడవకముందే, ఈ మహానగరంలో నేను అన్నిటికన్న తప్పించుకు తిరగాలనుకునే చోటికి చేరుకున్నాను.

అక్కడ ఎడమ ప్రక్క సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, కుడి ప్రక్క అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ. నడుమ రోడ్డు. ఆ రోడ్డుకు రెండు వైపులా కాలిబాటల మీద దేశమంతా నిద్రపోతూ ఉంటుంది. బీహారు నుండి, ఉత్తరప్రదేశ్ నుండి, ఇంకా దూర ప్రాంతాల నుండి రోగులను వెంటబెట్టుకుని వచ్చినవారు. రేపటి చీటీ కోసం, ఎల్లుండి పరీక్ష కోసం ఎదురుచూచేవారు. తలక్రింద మూటలు, మూటల క్రింద భద్రంగా ఎక్స్‌రే కవర్లు. వారిని దాటుకుంటూ పరుగెత్తుతున్న నన్ను చూచి, మేలుకుని కూర్చున్న ఒక వృద్ధుడు హిందీలో అడిగాడు:

"ఎక్కడికి బాబూ ఈ పరుగు? ఎవరికైనా బాగా లేదా?"

ఆయన వేళాకోళానికి అడగలేదు. ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు పరుగెత్తే మనిషి మందు కోసమో, రక్తం కోసమో మాత్రమే పరుగెత్తుతాడు. ఆయన ఎరిగిన లోకం అది. "లేదు తాతా, ఊరకే, వ్యాయామం," అన్నాను. ఆయన తల ఊపి అటు తిరిగాడు.

నేను చెప్పినది నిజం కాదు. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు సేకరించే నిమిత్తం, అక్టోబరు 15వ తేదీన జరుగనున్న ఢిల్లీ హాఫ్ మారథాన్‌లో పరుగెత్తుతానని నేను ఒప్పుకుని ఉన్నాను. ఇరవైయేడుగురు మిత్రులు నా మాట మీద డబ్బు ఇచ్చి ఉన్నారు. అయినా ఆ మాట ఆ కాలిబాట మీద, ఆ ముసలాయన ఎదుట నోటివెంట రాలేదు. పరిశోధన కోసం పరుగెత్తడమేమిటి? నా కాళ్ళకూ, ఎక్కడో ప్రయోగశాలలోని గాజు గొట్టానికీ సంబంధమేమిటి? ఆనాడు మూడు కిలోమీటర్లకే వెనుదిరిగి ఇంటికి వచ్చి పడుకున్నాను. తరువాత పది రోజులు బూట్లు తొడగలేదు.

* * *

మాది భీమవరం. ఆంగ్ల సాహిత్యంలో పట్టం పుచ్చుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ ఢిల్లీ వచ్చి, చివరకు అనువాదకుడిగా స్థిరపడ్డాను. ఇప్పుడు వయస్సు నలభై దాటినది. 2021లో మా అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు, వైద్యం కోసం ఆమెను మా ఇంటికి తీసుకువచ్చాను. పధ్నాలుగు నెలలు మాతో ఉన్నది. 2022 చివరలో వెళ్ళిపోయినది.

ఆ పధ్నాలుగు నెలలలో నేను చేసిన అనువాదాలలో ఒక్కటి మాత్రమే నాకు బాగా గుర్తున్నది. అది పుస్తకం కాదు. చికిత్సలో భాగంగా ఒక కొత్త మందు పరీక్షలో చేరడానికి ఆమె సమ్మతిని కోరుతూ ఇచ్చిన పత్రం. రోగికి అర్థమయ్యే భాషలో వివరించి, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే పరిశోధనలో చేర్చుకోవాలని భారత వైద్య పరిశోధనా మండలి నియమం. ఆంగ్ల ప్రతిని నేను ఆమె కోసం తెలుగులో వ్రాసి చదివి వినిపించాను. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఈ అధ్యయనంలో పాల్గొనుట వలన మీకు ప్రత్యక్ష ప్రయోజనము చేకూరకపోవచ్చును" అని వ్రాసి ఉంచాను. అక్కయ్య విని నవ్వినది.

"ఇంత పెద్ద మాటలెందుకురా? 'నీకేమీ ఒరగకపోవచ్చు' అని వ్రాయి. అందరికీ తెలుస్తుంది."

"మరి ఒప్పుకుంటావా?" అని అడిగాను.

"నాకు ఒరగకపోతే పోనీ. నా వెనుక వచ్చేదానికి ఒరుగుతుందేమో," అని సంతకం చేసినది.

ఆమె పోయిన తరువాత, కొందరు మిత్రుల ప్రోత్సాహంతో, ఆమె పేరు మీద పరుగెత్తుతానని నేనే ముందుగా అన్నాను. ఆ ఆవేశం వేసవి గడిచేదాకా నిలిచినది. దుఃఖం మనిషిని ముందుకు నడిపిస్తుందని కథలలో చదువుతాము. నా అనుభవం వేరు. దుఃఖం మనిషిని పడుకోమంటుంది. దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కోమంటుంది. గడియారం నాలుగున్నరకు మ్రోగినప్పుడు, పోయినదాని కోసం ఎందుకీ ప్రయాస అని చెవిలో అడుగుతుంది. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

* * *

పరుగెత్తడానికి ఢిల్లీ మంచి నగరమా అంటే, రెండు విధాలుగానూ చెప్పవలసి ఉంటుంది.

మా ఇంటి నుండి అరబిందో మార్గ్ వెంట ఉత్తరానికి పోతే, ఆసుపత్రులు దాటిన తరువాత ఐ.ఎన్.ఏ. మార్కెట్, ఆపైన 1754లో కట్టిన సఫ్దర్‌జంగ్ సమాధి. అక్కడ కుడి వైపుకు తిరిగితే లోదీ రోడ్డు. కొద్ది దూరంలో లోదీ తోట. సూర్యోదయ వేళ ఆ తోటను మించిన చోటు ఈ నగరంలో లేదంటే అతిశయోక్తి కాదు. పదిహేనవ శతాబ్దపు సయ్యద్, లోదీ వంశాల సమాధుల చుట్టూ ఒకప్పుడు ఒక పల్లె ఉండేది. బ్రిటిషువారు ఆ పల్లెను తరలించి 1936లో ఇక్కడ ఉద్యానవనం వేశారు. ఇప్పుడు అక్కడ పదవీ విరమణ చేసిన అధికారులు నడుస్తూ దేశాన్ని చక్కదిద్దుతూ ఉంటారు. చిలుకలు బడా గుంబజ్ రాళ్ళ సందులలో గూళ్ళు కట్టుకుంటాయి. అయిదు వందల యేండ్ల క్రిందట మరణించిన సుల్తానుల మధ్య జీవించి ఉన్నవారు ఆయుర్దాయం పెంచుకోవడానికి ప్రయత్నించే దృశ్యం ఢిల్లీకే చెల్లు.

రెండవ మాట గాలి గురించి. దీపావళి ముందు వెనుకల ఈ నగరం మీద దిగే పొగమంచు మంచు కాదు, పొగే. బహిరంగ వాయు కాలుష్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2013లో నిర్ధారించినది. 2017 నవంబరులో ఇక్కడి గాలి మరీ విషమించినప్పుడు, హాఫ్ మారథాన్‌ను వాయిదా వేయాలని వైద్యుల సంఘం కోర్టుకు వెళ్ళినది. పరుగు ఆ నెల 19వ తేదీన జరిగినది గాని, మరుసటి యేడు నుండి దానిని అక్టోబరుకు జరిపారు. క్యాన్సర్ పరిశోధన కోసం పరుగెత్తేవాడు, క్యాన్సర్‌ను కలిగించే గాలి రాకముందే పరుగు ముగించుకోవాలన్నమాట! ఈ విడ్డూరాన్ని మిత్రులకు చెప్పి, మానుకోవడానికి ఒక సాకుగా కూడా నేను కొన్నాళ్ళు వాడుకున్నాను.

* * *

సాకులు వెదుక్కుంటున్న ఆ రోజులలోనే, అసలు ఈ "వ్యాధి కోసం పరుగు" అన్నది ఎక్కడ పుట్టినదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదువు నాకు పరుగుకన్న సులభం.

కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకునికి ఎముక క్యాన్సర్ వచ్చి, 1977లో కుడికాలు మోకాలి పైభాగం వరకు తీసివేశారు. ఆసుపత్రిలో తనతోపాటు ఉన్న పసిపిల్లల బాధ చూచి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయడానికి దేశం ఈ చివర నుండి ఆ చివరకు పరుగెత్తాలని నిశ్చయించుకున్నాడు. 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ తీరాన బయలుదేరి, కృత్రిమ పాదంతో దినానికి సుమారు 42 కిలోమీటర్ల చొప్పున 143 దినాలు పరుగెత్తాడు. 5,373 కిలోమీటర్ల దగ్గర వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకి అతనిని ఆపివేసినది. 1981 జూన్‌లో, ఇరవై మూడవ యేడు నిండకుండానే మరణించాడు. తలకొక డాలరు చొప్పున దేశస్థులందరి నుండి రాబట్టాలన్న అతని కోరిక అంతకు నాలుగు మాసాల ముందే నెరవేరినది. ఆనాటి నుండి అతని పేరిట జరిగే పరుగులు, ముంబాయి వంటి మన నగరాలకు కూడా వ్యాపించి, 80 కోట్ల కెనడా డాలర్లకు పైగా పోగుచేశాయి. అతడు పసిఫిక్ తీరం చేరలేదు. అయినా ఎవరూ అతనిని ఓడిపోయినవాడనరు.

ఇంకొక సంగతి చదివి సిగ్గుపడ్డాను; ఎందుకంటే అది మా ఊరి సంగతి. 1895లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు బడిలో విని ఉన్నాను. 1995లో ఆయన శతజయంతికి వెలువడిన తపాలా బిళ్ళను చూచి ఉన్నాను. ఆయన ఏమి చేశారో మాత్రం పట్టించుకోలేదు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, పిదప దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను రూపొందించినది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉన్న పిల్లలకు ఇచ్చాడు. పదహారు మంది పిల్లలలో పది మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసినదని 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతవరకూ ఆ వ్యాధికి లొంగుబాటు తెలియదు. అదే సంవత్సరం మే నెలలో ఒక రేడియో కార్యక్రమం ద్వారా, "జిమ్మీ" అనే మారుపేరుతో ఒక బాలరోగి మాటలు వినిపిస్తే, ఫార్బర్ పరిశోధనకు ప్రజలు చిల్లర డబ్బులతో మొదలుపెట్టి ఆ యేడే 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా పంపారు.

ఆ ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలే. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ ప్రపంచమంతటా పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నిలిచి ఉన్నది. ఆనాడు అందరూ చనిపోయే వ్యాధిలో, ఈనాడు మంచి వైద్యం అందే చోట్ల పదిమందిలో ఎనిమిదిమందికి పైగా పిల్లలు బ్రతుకుతున్నారు.

పుస్తకం మూసి, బాగున్నదనుకున్నాను. మరునాడు మళ్ళీ గడియారం మ్రోగినది. మళ్ళీ దుప్పటి లాక్కున్నాను. జ్ఞానం వేరు, కాళ్ళు కదలడం వేరు.

* * *

ఆగస్టు చివరి ఆదివారం నాడు, మిత్రుని బలవంతం మీద ఇండియా గేట్ దాకా పరుగెత్తి, అక్కడికి దగ్గరలోనే అశోకా రోడ్డులో ఉన్న ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో ఫలహారానికి ఆగాము. ఢిల్లీలో తెలుగువారికి అది పుట్టింటి వంటిది. చట్నీ రుచి కోసం కొందరు, తెలుగు మాట చెవిని పడడం కోసం మరికొందరు వస్తారు.

వరండాలో ఒక దంపతులు నిలబడి, వచ్చేవారి ముఖాలు చూస్తున్నారు. ప్రక్కన తలకు రుమాలు కట్టిన ఏడెనిమిదేండ్ల పాప. ఆయన నా దగ్గరకు వచ్చి, "సారూ, మీకు తెలుగొస్తదా? ఈ చీటీ జర చదివి చెప్తరా?" అన్నాడు. పాలమూరు జిల్లా వారట. గుర్‌గావ్ వైపు భవన నిర్మాణంలో మేస్త్రీ వెంట వచ్చిన కూలీలు. పాపకు రక్త క్యాన్సర్. పెద్ద చికిత్స పూర్తయినది. ఇక ఇంటి వద్దనే చాలాకాలం మాత్రలు వాడాలని చెప్పారట. ఆంధ్రా భవన్‌కు పోతే మనవాళ్ళెవరైనా చదివి పెడతారని ఎవరో చెప్పగా, బస్సు మారి, బస్సు మారి వచ్చారు.

చీటీ చూచాను. రెండు మాత్రలు. ఒకటి ప్రతి దినమూ రాత్రి. రెండవది వారానికి ఒక్కసారి. రెండవదాని పేరు మెథోట్రెక్సేట్.

"ఇది ఎట్లా వేస్తున్నావు తమ్ముడూ?" అని అడిగాను.

"నిన్ననే తెచ్చినం సారూ. ఇయ్యాల్టి సంది మొదలువెట్టాలె. రెండూ రోజూ ఏసుడే గదా?"

నా చేతిలోని చీటీ వణికినది. ఆ మాత్రను వారానికి ఒక్కసారి వేస్తే మందు. ప్రతి దినమూ వేస్తే విషం. ఎముకల మజ్జ ఎండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. చెప్పినవారు హిందీలో స్పష్టంగానే చెప్పి ఉంటారు. అర్థం కాకపోయినా, పెద్దవాళ్ళ ముందు తల ఊపడం మన దేశంలో బీదవాడికి అలవాటు. చీటీ మీద కూడా సరిగానే ఉన్నది. వచ్చిన చిక్కల్లా, అది ఆయనకు అక్షరాలు లేని భాషలో ఉండడమే.

నేను మాత్రల పెట్టె తీసుకుని, నా కలంతో పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని తెలుగులో వ్రాశాను. ఆయనకు చదువు రాదు. ఆయన భార్య కూడబలుక్కుని చదివినది. మరునాడు వారి వెంట ఆసుపత్రికి వెళ్ళి, వైద్యురాలికి విషయం చెప్పి, నేను వ్రాసినది సరియేనని నిర్ధారించుకున్నాను. ఆమె చీటీ మీద తానే మరల వ్రాసి, ఆదివారం రాత్రి అని గుర్తు పెట్టినది. వెళ్ళిపోయేటప్పుడు పాప తండ్రి అడిగాడు:

"సారూ, మాకు పనిల పడితే వారాలు యాదికుండయి. ఐతారం పొద్దుగాల ఒక ఫోన్ చేస్తరా? ఐదు గొట్టంగ చెయ్యిర్రి. ఆరింటికి పనికి ఎక్కుతం."

చేస్తానన్నాను. ఇంటికి వచ్చిన తరువాత గాని గ్రహించలేదు, ప్రతి ఆదివారమూ అయిదు గంటలకు నేను మేలుకుని ఉండక తప్పదని!

* * *

నాకు ప్రేరణ ఎలా దొరికినదని అడిగేవారికి నేను చెప్పగలిగినది ఇంతే. అది మహత్తరమైన ఆశయం రూపంలో రాలేదు. ఒక ఫోన్ పిలుపు రూపంలో వచ్చినది. సెప్టెంబరు మొదటి ఆదివారం అయిదు గంటలకు ఫోన్ చేశాను. "ఇయ్యాల ఐతారం. యాదికున్నది సారూ," అన్నాడు. ఎలాగూ మేలుకున్నాను గదా అని బూట్లు తొడిగాను. లోదీ తోటకు వెళ్ళి, చుట్లు తిరిగి, ఎనిమిది కిలోమీటర్లు పూర్తిచేశాను. తరువాతి ఆదివారం పది. ఆపైన పన్నెండు. వారం మధ్యలోని దినాలు వాటంతట అవే జతకూడాయి.

పరుగులో మనస్సుకు తీరిక దొరుకుతుంది. మా ఊరిలో పుట్టిన ఒక మనిషి, సముద్రాల అవతల, తాను ఎన్నడూ చూడబోని పిల్లల కోసం ఏదో పదార్థాన్ని రూపొందించాడు. ముక్కూ మొగమూ తెలియని జనం తపాలాలో చిల్లర డబ్బులు పంపారు. కొత్త మందు కోసం ఎందరెందరో తల్లిదండ్రులు, తమ బిడ్డకేమీ ఒరగకపోవచ్చునని తెలిసి కూడా తల ఊపారు. ఆ ఆకురాయి మీద అరిగి అరిగి, డెబ్బై అయిదేండ్ల తరువాత, ఆ మందు ఒక చిన్న పసుపుపచ్చ మాత్రగా మారి పాలమూరు కూలీ కూతురి అరచేతిలోకి వచ్చినది. నేను చేసినది దాని మీద రెండు తెలుగు మాటలు వ్రాయడం. అక్కయ్య చేసినది ఒక సంతకం. గొలుసులో ఏ లంకె పెద్దది, ఏది చిన్నది అని ఎవరు నిర్ణయిస్తారు?

పరుగు వలన క్యాన్సర్ నయం కాదు. డబ్బు చెక్కు రూపంలోనూ ఇవ్వవచ్చు. కాని నేను ఊరకే చెయ్యి చాచితే ఇచ్చేవారి సంఖ్య తక్కువ. తెల్లవారుజామున ఒళ్ళు వంచుతున్నానని తెలిస్తే ఇచ్చేవారి సంఖ్య ఎక్కువ. మనుష్య స్వభావం అది. ఇటువంటి నడకలు, పరుగుల వలన వచ్చే ధనం అంతా పరిశోధనకే పోదన్నది కూడా నిజం. ఢిల్లీలో, తానే క్యాన్సర్ నుండి కోలుకున్న హర్మాలా గుప్తా 1996లో స్థాపించిన క్యాన్‌సపోర్ట్ సంస్థ ఏర్పాటుచేస్తూ వచ్చిన నడక, రోగుల ఇళ్ళకు వైద్యుని, నర్సును ఉచితంగా పంపి బాధ తగ్గించే సేవ కోసం. రేపటి రోగికి పరిశోధన కావాలి. నేటి రోగికి నొప్పి తగ్గాలి. మన దేశంలో 2022వ సంవత్సరంలోనే సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ వచ్చినదని అంచనా. ఒకదాని కోసం మరొకదానిని తగ్గించుకోగల స్థితిలో మనం లేము.

* * *

అక్టోబరు 15 ఆదివారమే. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర వేలాది జనం, దీపాలు, డప్పులు. ఆ గోలలో ఒక చెవి మూసుకుని ఫోన్ చేశాను. "యాదికున్నది సారూ. మీరు ఉరుకుర్రి," అన్నాడు. వెనుక నుండి పాప నవ్వు వినిపించినది.

పన్నెండు కిలోమీటర్ల వరకు సుఖంగానే సాగినది. పదిహేడవ కిలోమీటరు దగ్గర కుడి పిక్క పట్టేసినది. ప్రక్కకు తప్పుకుని ఒక వేపచెట్టును పట్టుకుని నిలబడ్డాను. ఇక చాలుననిపించినది. అప్పుడు అక్కయ్య కనిపించినదని, ఏదో వాక్యం వినిపించినదని వ్రాస్తే అది అబద్ధమవుతుంది. పిక్క నొక్కుకుంటూ ఆ రాత్రి పాప వేసుకోబోయే మాత్ర గురించి ఆలోచించాను. ఆ మాత్ర తరువాత ఒంట్లో బాగుండదని, వాంతి వస్తుందని, అయినా వచ్చే ఆదివారం మళ్ళీ నోరు తెరుస్తుందని వాళ్ళమ్మ చెప్పినది. చెట్టు వదలి నడిచాను. కొంతసేపటికి మెల్లగా పరుగెత్తాను. రెండు గంటల యాభైఒక్క నిమిషాలకు గీత దాటాను. నాకంటే వెనుక వచ్చినవారు చాలామందే ఉన్నారని మాత్రం మనవి చేసుకుంటున్నాను.

మరుసటి వారం, కాళ్ళ నొప్పులు తగ్గిన తరువాత, మళ్ళీ నాలుగున్నరకు అరబిందో మార్గ్ మీదికి వెళ్ళాను. చలి తగిలినది. కాలిబాట మీద కంబళ్ళు వచ్చాయి. ఆ వృద్ధుడు కూర్చున్న చోట వేరెవరో కుటుంబం, ఒక పసివాడు, ఒక పాలసీసా. ఆయన రోగికి నయమయి ఊరికి వెళ్ళాడో, మరెలా వెళ్ళాడో!

ఆయన మళ్ళీ కనిపిస్తే బాగుండునని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆయన అడిగిన రెండవ ప్రశ్నకు ఆనాడు తప్పు జవాబు చెప్పాను.

"ఔను తాతా. బాగా లేదు. ఎవరికో నాకు కూడా తెలియదు. అందుకే పరుగెత్తుతున్నాను."